సీఎస్ఆర్ మీద పరిశోధన: నెల్లూరు, ప్రకాశం జిల్లాల విద్యార్థులు తరచుగా అడిగే ప్రశ్నలు

విక్రమ సింహపురి, ఆంధ్ర కేసరి విశ్వవిద్యాలయాల పరిధిలో ఎంబీఏ, ఎంకాం ప్రాజెక్టుకో పీహెచ్‌డీకో కార్పొరేట్ సామాజిక బాధ్యతను (సీఎస్ఆర్) అంశంగా తీసుకున్నవాళ్లను ఉద్దేశించి రాసిన జవాబులివి. సిద్ధాంతం దగ్గర అవసరమైనంత మేరకే ఆగి, పని చెడిపోయే చోట్ల ఎక్కువసేపు నిలబడ్డాం.

సీఎస్ఆర్ పరిశోధన అంటే కంపెనీ ఎంత ఖర్చు పెట్టిందో లెక్క తీయడమేనా?

ఆ లెక్క ఇందులో ఒక మూలకు వస్తుంది. వ్యాపారం సమాజం నుంచి ఏం తీసుకుంటోంది, ఏం ఇస్తోంది, ఆ బేరంలో ఎవరి మాట చెల్లుతోంది అన్నది అసలు విషయం. ముత్తుకూరు మండలం తీరాన్నే చూడండి. ఓడరేవు, బొగ్గు విద్యుత్ కేంద్రాలు దగ్గర దగ్గరగా ఉన్నాయి. బడికి బెంచీలు, ఊళ్లో మెడికల్ క్యాంపు సీఎస్ఆర్ పద్దులో కనిపిస్తాయి. బూడిద ఎటు పోతోంది, వేటకు పోయే దారి మారిందా, భూమి ఇచ్చిన ఇంటి పిల్లవాడికి దక్కింది పర్మినెంటు ఉద్యోగమా కాంట్రాక్టు కూలీనా, ఆ కాంట్రాక్టరు పీఎఫ్ కడుతున్నాడా అన్నవి ఆ పద్దులో ఉండవు. చట్టం ఖర్చు పెట్టమన్న లాభంలో రెండు శాతం గురించి నూరు పేజీలు రాసి, మిగతా తొంభై ఎనిమిది ఎలా వచ్చిందో ఒక్క పేజీ రాయకపోతే ఆ థీసిస్ కంపెనీ వార్షిక నివేదికకు నకలవుతుంది.

ఎవరెవరిని చదవాలి? ఎక్కడ మొదలుపెట్టాలి?

1931, 1932 సంవత్సరాల్లో అమెరికాలో బెర్లీ, డాడ్ అనే ఇద్దరు న్యాయ పండితులు ఒక వాదం నడిపారు: డైరెక్టర్లు వాటాదారులకే ధర్మకర్తలా, సమాజానికి కూడానా అని. తర్వాతి చర్చకంతా వేరు అక్కడుంది. 1953లో హోవర్డ్ బోవెన్ వ్యాపారి బాధ్యతల మీద పుస్తకమే రాశాడు. 1970లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ దానికి ఎదురు నిలిచాడు. ఫ్రీడ్‌మన్‌ను చదవకుండానే తిట్టేవాళ్లు చాలామంది. లాభమే లక్ష్యం అన్నవాడే, చట్టానికీ సమాజంలో పాటించే నీతికీ లోబడి అని కూడా అన్నాడు. ఆ రెండో సగం వదిలేసి ఉటంకిస్తే వైవాలో దొరికిపోతారు.

ఆర్చీ కెరోల్ 1979లో ఆర్థిక, చట్టపరమైన, నైతిక, ఐచ్ఛిక బాధ్యతలని నాలుగుగా విడదీశాడు. 1991లో దాన్నే పిరమిడ్‌గా గీశాడు. మన దగ్గర రెండో అధ్యాయంలో ఈ పిరమిడ్ బొమ్మ లేని థీసిస్ దొరకడం కష్టం, అయిదో అధ్యాయంలో దాన్ని వాడుకున్న థీసిస్ దొరకడం ఇంకా కష్టం. విశ్లేషణలో వాడనప్పుడు బొమ్మ పెట్టకండి. 1984లో ఎడ్వర్డ్ ఫ్రీమన్ స్టేక్‌హోల్డర్ సిద్ధాంతాన్ని నిలబెట్టాడు: సంస్థ వల్ల ప్రభావితమయ్యే, సంస్థను ప్రభావితం చేసే ప్రతి వర్గాన్నీ లెక్కలోకి తీసుకోవాలని. 1991లో డోనా వుడ్ సూత్రాలు, ప్రక్రియలు, ఫలితాలు వేర్వేరని చెప్పింది. ఊళ్లో పని కొలవాలనుకునేవాళ్లకు ఈమె వ్యాసం కెరోల్ కన్నా ఎక్కువ పనికొస్తుంది. 2011లో పోర్టర్, క్రేమర్ ప్రతిపాదించిన 'షేర్డ్ వాల్యూ' (కంపెనీకీ సమాజానికీ ఒకేసారి మేలు చేసే వ్యాపారం) చదివేటప్పుడు దాని మీద వచ్చిన విమర్శ కూడా పక్కన పెట్టుకోండి. కంపెనీకీ ఊరికీ లాభాలు ఎదురెదురుగా నిలిచినప్పుడు ఏం చేయాలో ఆ ఆలోచన చెప్పదు.

భారతదేశం మీద రాసేవాళ్లు 2008లో మాటెన్, మూన్ చేసిన విభజనను తప్పక చూడాలి. కొన్ని దేశాల్లో బాధ్యత చట్టాల్లో, కార్మిక ఒప్పందాల్లో ఇమిడిపోయి ఉంటుంది. కొన్నిచోట్ల కంపెనీ తానే ప్రకటించుకుని చేస్తుంది. మన చట్టం ఆ స్వచ్ఛంద ఖర్చునే తప్పనిసరి చేసింది కాబట్టి ఈ రెండు గళ్లలో దేనిలోనూ సరిగ్గా ఇమడదు. మంచి ప్రశ్నలు అక్కడే దొరుకుతాయి.

స్టేక్‌హోల్డర్ సిద్ధాంతాన్ని మన ప్రాంతానికి ఎలా అన్వయించాలి?

వాటాదారులు, ఉద్యోగులు, వినియోగదారులు అని జాబితా రాసి వదిలేస్తే అన్వయం కాదు. 1997లో మిచెల్, ఏగిల్, వుడ్ మూడు కొలతలు ఇచ్చారు: బలం, న్యాయబద్ధత, తొందర. ఒక వర్గానికి ఈ మూడింటిలో ఎన్ని ఉంటే సంస్థ అంతగా దాన్ని లెక్కచేస్తుంది.

దూబగుంటను ఈ కొలతలతో చూడండి. నెల్లూరు జిల్లా కలిగిరి మండలంలోని ఆ ఊళ్లో ఆడవాళ్లు సారా దుకాణం మూయించడానికి పూనుకున్నప్పుడు వాళ్లకు న్యాయం ఉంది, ఇంట్లో అన్నం లేని తొందర ఉంది, బలం లేదు. ఈ సిద్ధాంతం భాషలో వాళ్లు 'ఆధారపడిన' వర్గం. 1992లో ఉద్యమం జిల్లా అంతా పాకి సారా వేలంపాటలే ఆగే స్థితి వచ్చేసరికి బలం కూడా చేతికొచ్చింది. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. ఒకే వర్గం రెండేళ్లలోపు ఒక గడి నుంచి ఇంకో గడికి ఎలా జరిగిందో చూపించడానికి ఇంతకన్నా శుభ్రమైన ఉదాహరణ విదేశీ పాఠ్యపుస్తకాల్లో వెతికినా దొరకదు. సారా వ్యాపారం చేసినవాళ్లు ఏ సీఎస్ఆర్ పాలసీ చదివీ మారలేదు. ఆ సంగతి కూడా సిద్ధాంతానికి పనికొచ్చేదే.

మన చట్టం ఏ కంపెనీకి వర్తిస్తుంది? రెండు శాతం దేని మీద?

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ 2014 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. గడిచిన ఆర్థిక సంవత్సరంలో నికర విలువ 500 కోట్లు, టర్నోవర్ 1000 కోట్లు, నికర లాభం 5 కోట్లు, ఈ మూడింటిలో ఏ ఒక్కటి చేరినా వర్తిస్తుంది. ఖర్చు పెట్టాల్సింది అంతకుముందు మూడేళ్ల సగటు నికర లాభంలో 2 శాతం.

లాభాలు వరుసగా 6, 9, 12 కోట్లు అనుకుందాం. సగటు 9 కోట్లు, అందులో రెండు శాతం 18 లక్షలు. ఇది 50 లక్షలు దాటలేదు కాబట్టి ఈ కంపెనీకి ప్రత్యేక సీఎస్ఆర్ కమిటీ అక్కర్లేదు, ఆ పని బోర్డే చేస్తుంది. ఇక్కడ రెండు తప్పులు మళ్లీ మళ్లీ వస్తాయి. ఒకటి, టర్నోవర్ మీద రెండు శాతం కట్టడం. రెండోది, పన్ను పోగా మిగిలిన లాభం మీద కట్టడం. లాభాన్ని 198వ సెక్షన్ ప్రకారం లెక్కించాలి, అక్కడ ఆదాయపు పన్నును తీసివేయరు. పన్ను తర్వాతి లాభంతో లెక్కకట్టి 'కంపెనీ చట్టం అడిగినదానికన్నా ఎక్కువ ఖర్చు పెట్టింది' అని తేల్చిన ప్రాజెక్టులు చాలా వరకు ఇక్కడే కూలిపోతాయి.

మన జిల్లాల్లో ఇంకో చిక్కుంది. చీమకుర్తి క్వారీలు, గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లు, రైసు మిల్లులు, రొయ్యల హేచరీల్లో భాగస్వామ్య సంస్థలు, ఒక్కరి పేరు మీద నడిచేవి ఉంటాయి. అవి కంపెనీలు కావు, 135వ సెక్షన్ వాటిని ముట్టుకోదు. ప్రశ్నపత్రం పంచే ముందు ప్రతి యూనిట్ చట్టపరంగా ఏమిటో చూసుకోండి. బోర్డు మీద 'ఇండస్ట్రీస్' అని ఉన్నంత మాత్రాన కంపెనీ అయిపోదు.

ఖర్చు పెట్టకపోతే ఏమవుతుంది?

2021 జనవరి 22 ముందు కారణం చెబితే సరిపోయేది. ఇప్పుడు నడుస్తున్న ప్రాజెక్టు తాలూకు మిగులును ఆర్థిక సంవత్సరం ముగిసిన 30 రోజుల్లో ప్రత్యేక ఖాతాలో వేసి, మూడు ఆర్థిక సంవత్సరాల్లో వాడాలి. ప్రాజెక్టే లేకపోతే ఆరు నెలల్లో ఆ చట్టం ఏడో షెడ్యూలులో పేర్కొన్న నిధికి జమ చేయాలి. తప్పితే జమ చేయాల్సిన మొత్తానికి రెట్టింపు, లేదా కోటి రూపాయలు, ఏది తక్కువైతే అది కంపెనీకి జరిమానా. కాలశ్రేణి డేటాతో పనిచేసేవాళ్లు 2021ని విరుపుగా (నిబంధన మారిన ఏడాదిగా) పెట్టుకోకుండా రిగ్రెషన్ (ఒక అంకె మీద ఇంకోదాని ప్రభావం అంచనా వేసే గణాంక లెక్క) నడపకూడదు.

ఊరికి కంపెనీ చేసే ప్రతి పనీ సీఎస్ఆరేనా?

కాదు. ఊళ్లో జనం అన్నిటినీ 'కంపెనీ డబ్బులు' అనే అంటారు, పరిశోధకుడు మాత్రం విడదీయాలి. పర్యావరణ అనుమతి షరతుల కింద చేసే పని వేరు. 2018 మే 1 నాటి కేంద్ర పర్యావరణ శాఖ ఉత్తర్వుతో కొన్నాళ్లు కార్పొరేట్ ఎన్విరాన్‌మెంట్ రెస్పాన్సిబిలిటీ అని పెట్టుబడిలో శాతం లెక్కన ఒక బాధ్యత ఉండేది, 2020లో ఆ పద్ధతి మార్చారు. క్వారీలు రాయి తీసినందుకు ప్రభుత్వానికి కట్టే సీనరేజి, దాని మీద గనుల ప్రభావం పడిన ఊళ్ల కోసం వసూలయ్యే జిల్లా మినరల్ ఫౌండేషన్ సొమ్ము కూడా సీఎస్ఆర్ కాదు. భూమి కోల్పోయినవాళ్లకు ఇచ్చే పునరావాసం చట్టం ప్రకారం కట్టాల్సిన బాకీ. ఏ చట్టం కింద తప్పనిసరిగా చేయాల్సిన పనినైనా సీఎస్ఆర్‌లో చూపించకూడదని నిబంధన. ఉద్యోగులకు మాత్రమే మేలు చేసే ఖర్చు, పార్టీలకు ఇచ్చే చందా, సరుకు ప్రచారానికి చేసే స్పాన్సర్‌షిప్ కూడా చెల్లవు.

చీమకుర్తి ప్రాంతంలో రోడ్డు వేశారనుకోండి. డబ్బు పంచాయతీదా, మినరల్ ఫౌండేషన్‌దా, కంపెనీదా అని అడగడానికి శిలాఫలకం చాలదు. పంచాయతీ తీర్మానం, పని అంచనా పత్రం చూడాలి.

జిల్లా స్థాయి అంకెలు ఎక్కడ దొరుకుతాయి?

కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ నడిపే జాతీయ సీఎస్ఆర్ పోర్టల్లో కంపెనీ వారీగా, రాష్ట్రం వారీగా, జిల్లా వారీగా ఉన్నాయి. దాన్ని దించుకుని నేరుగా పట్టిక వేయకండి. ఖర్చులో చాలా భాగం 'పాన్ ఇండియా' అనో, జిల్లా పేరు పేర్కొనలేదనో నమోదై ఉంటుంది. అందువల్ల నెల్లూరు పేరు మీద కనిపించే మొత్తం నెల్లూరులో జరిగిన ఖర్చు కన్నా తక్కువ ఉండొచ్చు. ఎంత తక్కువో ఆ డేటా చెప్పదు.

రెండో గొయ్యి జిల్లాల విభజన. 2022 ఏప్రిల్ 4న గూడూరు, సూళ్లూరుపేట, వెంకటగిరి వైపు ప్రాంతాలు తిరుపతి జిల్లాలోకి వెళ్లాయి, కందుకూరు ప్రకాశం నుంచి నెల్లూరుకు వచ్చింది, చీరాల, అద్దంకి వైపు బాపట్లలో కలిశాయి. పాత నెల్లూరు అంకెనూ కొత్త నెల్లూరు అంకెనూ పక్కపక్కన పెట్టి 'సీఎస్ఆర్ తగ్గింది' అంటే తగ్గింది జిల్లా విస్తీర్ణం. సరిహద్దులు మళ్లీ ఎప్పుడు కదిలినా చెడకుండా ఉండాలంటే మీ యూనిట్‌ను మండలంగా పెట్టుకోండి, మండలాల జాబితా అనుబంధంలో ఇవ్వండి.

కంపెనీ వార్షిక నివేదికలో బోర్డు రిపోర్టుకు జతచేసే సీఎస్ఆర్ అనుబంధం ఇంకా వివరంగా ఉంటుంది. లిస్ట్ కాని కంపెనీ పత్రాలను కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్లో 100 రూపాయలు కట్టి చూడవచ్చు. అమలు చేసిన స్వచ్ఛంద సంస్థకు సీఎస్ఆర్-1 రిజిస్ట్రేషన్ నంబరు ఉందో లేదో చూసుకోండి, 2021 ఏప్రిల్ 1 నుంచి అది తప్పనిసరి.

సమాచార హక్కు దరఖాస్తు ప్రైవేటు కంపెనీకి పనిచేయదు. కాలుష్య నియంత్రణ మండలి దగ్గర, కలెక్టరేట్లో ఉన్న కాగితాలకు పనిచేస్తుంది: ప్రజాభిప్రాయ సేకరణ మినిట్స్, నిర్వహణ అనుమతి షరతులు, అర్ధసంవత్సర నివేదికలు. మన రాష్ట్రంలో దరఖాస్తు రుసుము గ్రామ స్థాయిలో లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10. జవాబుకు గడువు 30 రోజులు. 'సీఎస్ఆర్ సమాచారం ఇవ్వండి' అని రాస్తే 'మా వద్ద లేదు' అని వస్తుంది. పత్రం పేరు, సంవత్సరం, సర్వే నంబరు లేదా యూనిట్ పేరు రాయండి.

అంశం ఎలా కుదించుకోవాలి?

'ఆంధ్రప్రదేశ్‌లో సీఎస్ఆర్ ప్రభావం: ఒక అధ్యయనం' అని పెట్టుకుంటే మూడేళ్లలో తేలదు. ఒక మార్పు, ఒక వర్గం, ఒక చోటు, ఒక కాలం అన్నవి శీర్షికలో కనిపించాలి. 'కనిగిరి, పామూరు మండలాల్లో సీఎస్ఆర్ నీటి ప్లాంట్లు ఒప్పంద కాలం ముగిశాక ఎన్ని నడుస్తున్నాయి, ఎందుకు' అన్నది ఎంబీఏ విద్యార్థి కూడా చేయగల పని. 'పొగాకు రైతుల దృష్టిలో కంపెనీ విస్తరణ సేవలు సహాయమా, సరుకు సేకరణలో భాగమా' అన్నది పీహెచ్‌డీకి సరిపోతుంది.

ఆర్వో ప్లాంటు మీద అధ్యయనం చేస్తే ఏమేం కొలవాలి?

ఉమ్మడి ప్రకాశం జిల్లా పడమటి భాగంలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ పాత సమస్య. కంపెనీలకు వాటర్ ప్లాంటు ఇష్టమైన పని, ఫోటోలో బాగా పడుతుంది. అందుకే దీన్ని కొంచెం వివరంగా చెబుతున్నాం.

మొదట నీళ్లు. టీడీఎస్ మీటరు ముంచి 'బాగుంది' అని రాయకండి. టీడీఎస్ మీటరు ఫ్లోరైడ్‌ను చూపించదు, మొత్తం లవణాలు తగ్గాయో లేదో అంచనాగా చెబుతుంది, అంతే. ఫ్లోరైడ్‌కు అయాన్ సెలెక్టివ్ ఎలక్ట్రోడ్ ఉన్న ల్యాబ్ కావాలి. తాగునీటికి భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీళ్లు లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. నమూనా ప్లాస్టిక్ సీసాలో పట్టాలి, గాజుకు ఫ్లోరైడ్ అంటుకుని అంకె తగ్గే ప్రమాదం ఉంది. అదే నీళ్లతో మూడుసార్లు తొలిచి అర లీటరు పట్టండి. మూడు చోట్ల పట్టాలి: బోరు దగ్గర, ప్లాంటు కుళాయి దగ్గర, ఇంట్లో బిందె నుంచి. మనకు పెద్ద వానలు ఈశాన్య రుతుపవనాలవి కాబట్టి మే నెలలో ఒకసారి, డిసెంబరు తర్వాత ఒకసారి తీస్తే తేడా తెలుస్తుంది.

తర్వాత ప్లాంటు. తోడిన నీళ్లలో సగం, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ, వృథా గొట్టంలోంచి పోతాయి. ఫ్లోరైడ్‌లో చాలా భాగం అందులోనే చిక్కబడి ఉంటుంది. ఆ గొట్టం చివర ఎక్కడుందో నడిచి వెళ్లి చూడండి. పక్క కుంటలోకో, అదే బోరు చుట్టూ నేలలోకో పోతుంటే ఊరికి సాయం చేస్తూనే ఊరి నేలను పాడు చేస్తున్నట్టు. మెంబ్రేన్ (నీళ్లను వడకట్టే పొర) ఎప్పుడు మార్చారు, కరెంటు బిల్లు ఎవరి పేరు మీద వస్తోంది, ఆపరేటరు జీతం ఎవరిస్తున్నారు, లాగ్ పుస్తకంలో ఆఖరి తేదీ ఏది అన్న నాలుగు ప్రశ్నలకు జవాబు దొరికితే ప్లాంటు ఎంతకాలం బతుకుతుందో చాలావరకు తెలిసిపోతుంది. గట్టి నీళ్లకు మెంబ్రేన్ మీద పొర కడుతుంది, మార్చడానికి డబ్బుండదు, కంపెనీ మూడేళ్ల ఒప్పందం అయిపోయి ఉంటుంది, పంచాయతీ పద్దులో దానికి చోటుండదు. ప్లాంటు షెడ్డుకు తాళం పడుతుంది. వార్షిక నివేదికలో మాత్రం అది 'నిర్మించిన ప్లాంట్ల' లెక్కలో ఉండిపోతుంది.

ఇక ఇల్లు. 'మీరు ప్లాంటు నీళ్లు తాగుతున్నారా' అని అడిగితే అందరూ అవునంటారు. 'అన్నం, పప్పు ఏ నీళ్లతో వండుతున్నారమ్మా?' అని అడగండి. టిన్ను నీళ్లు తాగడానికి, బోరు నీళ్లు వంటకి అన్న ఇళ్లు ఎదురవుతాయి. అప్పుడు ఫ్లోరైడ్ కంచంలోంచి పోతూనే ఉంటుంది. టిన్ను ధర, మోసుకొచ్చే దూరం, ఊరి చివరి కాలనీకి ఆటో వెళ్తుందా లేదా అన్నవి ఎవరికి అందలేదో చెబుతాయి. వాడేవాళ్లను మాత్రమే ప్లాంటు దగ్గర నిలబడి అడిగితే అందనివాళ్లు మీ నమూనాలోకే రారు.

ఆరోగ్య సూచిక ఎంచుకోవడంలో పెద్ద పొరపాటు జరుగుతుంది. పళ్ల మీద గారమచ్చలు పన్ను లోపల ఏర్పడే వయసులోనే పడతాయి, ముందు పళ్లకు అది ఎనిమిదేళ్లలోపు ముగుస్తుంది. మూడేళ్ల కిందట పెట్టిన ప్లాంటును పదో తరగతి పిల్లల పళ్లు చూసి అంచనా వేస్తే ఎప్పటికీ 'ప్రభావం లేదు' అనే వస్తుంది. తక్కువ కాలంలో మార్పు చూడాలంటే మూత్రంలో ఫ్లోరైడ్ కొలవాలి. దానికి విశ్వవిద్యాలయం ఎథిక్స్ కమిటీ అనుమతి, తెలుగులో చదివి వినిపించిన సమ్మతి పత్రం కావాలి.

చివరగా పోలిక. ప్లాంటు లేని, అదే రకం నేలలో ఉన్న ఊళ్లు కావాలి. రెండు జట్లకూ ముందు, తర్వాత అంకెలు ఉంటే తేడాల తేడా పద్ధతి (ఒక జట్టులో వచ్చిన మార్పులోంచి రెండో జట్టు మార్పును తీసేసే లెక్క) నడుస్తుంది. ఈలోగా జలజీవన్ మిషన్ కుళాయి గానీ రక్షిత నీటి పథకం గానీ ఆ ఊరికి వచ్చిందేమో తేదీతో రాసుకోండి. లేకపోతే ప్రభుత్వం చేసిన పని కంపెనీ ఖాతాలో పడుతుంది.

నమూనా పరిమాణం 384 చాలు అంటారు, నిజమేనా?

95 శాతం నమ్మకం, 5 శాతం పొరపాటు హద్దు పెట్టుకుని, జనాభా అంతా ఒకే జాబితాలో ఉండి అందులోంచి చీటీ తీసినట్టు ఎంచుకుంటేనే ఆ అంకె. 400 ఇళ్ల ఊరొక్కటే మీ జనాభా అయితే సవరణ తర్వాత 196 చాలు. ఊళ్లు ఎంచుకుని ఒక్కో ఊళ్లో 20 ఇళ్లు అడిగితే కథ వేరు, ఒకే ఊరివాళ్ల జవాబులు ఒకలా ఉంటాయి. అలా ఒకలా ఉండటాన్ని కొలిచే అంకె 0.05 అనుకుంటే డిజైన్ ఎఫెక్ట్ (నమూనాను ఎన్ని రెట్లు పెంచాలో చెప్పేది) 1.95, కావాల్సింది సుమారు 750 ఇళ్లు, అంటే 38 ఊళ్లు. ఒక్కరే తిరిగి చేయగలిగింది కాదు. అప్పుడు శాతాల గొడవ మానేసి నాలుగైదు ఊళ్లను లోతుగా చూసే కేస్ స్టడీకి మారండి. అది తక్కువరకం పరిశోధన కాదు.

ఊళ్లో జనం నిజం చెబుతారా?

కంపెనీ మనిషిని వెంటబెట్టుకుని, కంపెనీ జీపులో దిగితే చెప్పరు. చెప్పకపోవడంలో తప్పూ లేదు, రేపు కూలీ కావాల్సింది అక్కడే. సర్పంచి అరుగు మీద పదిమంది మధ్య అడిగినా అంతే. కంపెనీ అనుమతి తీసుకోవడం వేరు, కంపెనీ ఎంపిక చేసిన లబ్ధిదారుల జాబితా తీసుకోవడం వేరు. మొదటిది చేయండి, రెండోది వద్దు. ఇళ్ల జాబితా అంగన్‌వాడీ కేంద్రం నుంచో గ్రామ సచివాలయం నుంచో తెచ్చుకోండి. 'సంతృప్తి చెందారా' అని అయిదు గడుల స్కేలు పెడితే అన్నీ నాలుగు, అయిదు దగ్గర పడతాయి. క్రోన్‌బాక్ ఆల్ఫా (వేర్వేరు ప్రశ్నల జవాబులు ఎంత పొసుగుతున్నాయో చెప్పే అంకె) 0.9 వచ్చిందని సంబరపడకండి, అందరూ ఒకేలా మొహమాటపడినా ఆల్ఫా పెరుగుతుంది. 'పోయిన వారం ఎన్నిసార్లు వాడారు', 'పాడైతే ఎవరికి చెప్పారు, ఎన్నాళ్లకు బాగుచేశారు' లాంటి జరిగిన సంగతుల ప్రశ్నలు వేయండి. ఆధార్ నంబరు ఎవరి దగ్గరా తీసుకోకండి, మీకు దాంతో పనిలేదు.

సీఎస్ఆర్ చేస్తే కంపెనీకి లాభాలు పెరుగుతాయా?

ఈ ప్రశ్న మీద అర్ధ శతాబ్దంగా కాగితం ఖర్చవుతోంది. 2003లో మార్గోలిస్, వాల్ష్ 127 అధ్యయనాలు పోగేశారు. సామాజిక పనితీరు లాభాన్ని ప్రభావితం చేస్తుందా అని చూసినవి 109. వాటిలో 54 అవుననీ, 7 వ్యతిరేకమనీ, 28 సంబంధం లేదనీ, 20 మిశ్రమమనీ తేల్చాయి. అదే ఏడాది ఓర్లిట్జ్‌కీ, ష్మిట్, రైన్స్ 52 అధ్యయనాల ఫలితాలను కలిపి చూసిన మెటా విశ్లేషణలో మొత్తం మీద సానుకూల సంబంధం చూపించారు. 1997లోనే వాడక్, గ్రేవ్స్ లాభాలు ముందొచ్చి చేతిలో డబ్బు ఉండబట్టి ఖర్చు పెట్టడం కూడా జరుగుతుందని చూపారు. అందుకని ఒకే ఏడాది ఖర్చునూ లాభాన్నీ సహసంబంధం కట్టి 'ప్రభావం ఉంది' అనడం చెల్లదు.

భారతదేశంలో చట్టం వల్ల ఒక వీలు కలిగింది, ఖర్చు కంపెనీ ఇష్టంతో కాకుండా హద్దు దాటడంతో మొదలవుతుంది. మంచిరాజు, రాజగోపాల్ 2017లో ప్రచురించిన అధ్యయనంలో, బలవంతంగా ఖర్చు పెట్టాల్సి వచ్చిన కంపెనీల షేరు ధర 4.1 శాతం పడిందని తేలింది. ధర్మపాల, ఖన్నా 2018లో ఇంకో సంగతి చూపారు: అంతకుముందు రెండు శాతం కన్నా తక్కువ పెట్టేవాళ్లు పెంచారు, ఎక్కువ పెట్టేవాళ్లు తగ్గించారు. గీత గీస్తే కిందివాళ్లు పైకి రావడంతో పాటు పైవాళ్లు కిందికి దిగడమూ జరిగిందన్నమాట. 5 కోట్ల లాభం హద్దుకు కాస్త అటూ ఇటూ ఉన్న కంపెనీలను పోల్చి రిగ్రెషన్ డిస్‌కంటిన్యుటీ చేయాలనుకునేవాళ్లు ముందు మెక్రేరీ పరీక్ష (హద్దు దగ్గర కంపెనీల సంఖ్య అసహజంగా మారిందా అని చూసేది) చేయాలి. 4.9 కోట్ల దగ్గర కంపెనీలు గుమిగూడి ఉంటే లాభాన్ని సర్దుకున్నారని అర్థం, అప్పుడు పద్ధతి పనికిరాదు.

పొగాకు కంపెనీ సీఎస్ఆర్‌ను అంశంగా తీసుకోవచ్చా?

తప్పకుండా. ఒంగోలు, కందుకూరు, టంగుటూరు, కొండపి, పొదిలి వేలం కేంద్రాల చుట్టూ బతికే ప్రాంతంలో దీన్ని వదిలేస్తేనే వింత. ప్రపంచ ఆరోగ్య సంస్థ పొగాకు నియంత్రణ ఒడంబడికను భారత్ 2004లో ధ్రువీకరించింది. దాని 5.3 అధికరణం మార్గదర్శకాలు పొగాకు పరిశ్రమ 'సామాజిక బాధ్యత' కార్యక్రమాలను మామూలు సేవగా చూడొద్దని, వాటికి ప్రభుత్వాలు మద్దతివ్వొద్దని చెబుతాయి. మన కంపెనీల చట్టం లాభం వచ్చిన పొగాకు కంపెనీని కూడా ఖర్చు పెట్టి తీరమంటుంది. ఈ రెండింటి మధ్య ఇరుకులో మీ ప్రశ్న ఉంది. పొగాకు ఆరబెట్టే బ్యారన్‌కు కాల్చే కట్టెల కోసం కంపెనీ చెట్లు నాటిస్తే అది అడవి కాపాడటమా, తన ముడిసరుకు ఇంధనం చూసుకోవడమా? రెండూ కావచ్చు. పద్దు రాసేటప్పుడు మాత్రం మామూలు వ్యాపారంలో భాగమైన పని సీఎస్ఆర్ కాదు.

రొయ్యల సాగు చిన్న రైతులది కదా, అందులో కార్పొరేట్ బాధ్యత ఎక్కడుంది?

చెరువు చిన్న రైతుది. సీడు, మేత, ప్రాసెసింగు, ఎగుమతి పెద్ద సంస్థలవి. సరఫరా గొలుసు బాధ్యత అన్న శాఖ మొత్తం దీని గురించే. చరిత్ర కూడా ఉంది: 1996 డిసెంబరు 11న సుప్రీంకోర్టు జగన్నాథ్ కేసులో తీర ప్రాంత రొయ్యల సాగు మీద 'కాలుష్యం చేసినవాడే కట్టాలి' అన్న సూత్రాన్ని ప్రయోగించింది. 2005లో పార్లమెంటు కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టంతో ఆ తీర్పు ప్రభావాన్ని చాలావరకు మార్చింది. కోర్టు, పార్లమెంటు, విదేశీ కొనుగోలుదారు, ఈ ముగ్గురిలో ఎవరి మాట కోవూరు, అల్లూరు వైపు చెరువు గట్టు దాకా చేరిందన్నది తేల్చదగ్గ విషయం.

కంపెనీ చేయించే ఇంపాక్ట్ అసెస్‌మెంట్ రిపోర్టును ఆధారంగా వాడవచ్చా?

వాడండి, సాక్ష్యంగా కాదు, పరిశీలించాల్సిన పత్రంగా. సగటు సీఎస్ఆర్ బాధ్యత 10 కోట్లు, అంతకు మించి ఉన్న కంపెనీలు, కోటి రూపాయలు అంతకు మించిన ప్రాజెక్టులకు, అవి పూర్తయి ఏడాది దాటాక బయటి సంస్థతో చేయించాలని నిబంధన. ఫీజు ఇచ్చేది కంపెనీయే. నమూనా ఎలా ఎంచుకున్నారు, పోలిక ఊళ్లు ఉన్నాయా, ఆగిపోయిన ప్రాజెక్టు ఒక్కటైనా రాశారా అని మూడు చోట్ల చూస్తే రిపోర్టు రకం తెలుస్తుంది. లిస్టెడ్ కంపెనీల్లో పెద్దవి వెయ్యి 2022-23 నుంచి స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ నిబంధన ప్రకారం ఇవ్వాల్సిన వ్యాపార బాధ్యత, సుస్థిరత నివేదిక, అంటే బీఆర్‌ఎస్‌ఆర్ నివేదికలో కార్మికుల జీతాలు, ప్రమాదాలు, నీటి వాడకం ఉంటాయి. రెండు శాతం ఫోటోల కన్నా అదే ఎక్కువ చెబుతుంది.

ఎక్కడ ప్రచురించాలి?

ముందు భారత విశ్వవిద్యాలయాల థీసిస్‌లు దాచే ఆన్‌లైన్ భాండాగారం శోధ్‌గంగలో మీ అంశం మీద థీసిస్‌లు వెతకండి, సగం మంది చేసిన పనే చేస్తున్నారేమో తెలుస్తుంది. డబ్బు కడితే మూడు రోజుల్లో అంగీకార పత్రం పంపే పత్రికలకు పంపకండి, రివ్యూయర్ ఒక్క ప్రశ్న కూడా అడగలేదంటే చదవలేదన్నమాట. జర్నల్ ఆఫ్ బిజినెస్ ఎథిక్స్, బిజినెస్ అండ్ సొసైటీ లాంటివి కష్టమే, అయినా వాటిలో ఇటీవలి వ్యాసాలు ఒక పది చదివి మీ పద్ధతి అధ్యాయాన్ని పక్కన పెట్టి చూసుకుంటే ఎక్కడ సన్నగా ఉందో కనిపిస్తుంది. పంపే ముందు ఊళ్ల పేర్లు, జవాబిచ్చినవాళ్ల పేర్లు మార్చారో లేదో మళ్లీ చూడండి. ముత్తుకూరు మండలంలో ఫలానా వీధి, ఫలానా ప్లాంటు మాజీ సూపర్‌వైజరు అని రాస్తే పేరు రాయకపోయినా అతనెవరో అక్కడ అందరికీ తెలుస్తుంది.